అమెరికా మాజీ సైనికుల గృహఋణములు: పూచీ పరిమితి తొలగింపు

మన సహకార సంఘములలో ఋణము కోరి దరఖాస్తు పెట్టుకొనిన సభ్యుని పాలకవర్గమువారు మొట్టమొదట అడుగు ప్రశ్నలు రెండు. పైకము దేనికి? పూచీ ఎవరు? మొదటి ప్రశ్నకు సమాధానము సభ్యుడే చెప్పుకొనును. రెండవదానికి మాత్రము మరియొకడు వచ్చి సంతకము చేయవలెను. ఆ వచ్చినవాడు అప్పు ఇచ్చినవాడు కాడు, పుచ్చుకొన్నవాడును కాడు. ఐనను వాని సంతకము లేనిదే సంఘపు పెట్టె తెరువబడదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైన్యమునుండి మరలివచ్చిన వారు ఇల్లు కొనుటకై చేయు అప్పులకు అచ్చటి కేంద్ర ప్రభుత్వము ఎనుబది యేండ్లకు పైబడి ఇట్టి సంతకము చేయుచున్నది. 1944వ సంవత్సరమునుండి ఇట్లు పూచీపడిన ఋణముల సంఖ్య 2 కోట్ల 80 లక్షలను మించినది. ఈ పూచీకి మొదటినుండియు ఒక పరిమితి యుండెను. అది పలుమారులు పెరుగుచు వచ్చి, 2020 జనవరి 1వ తేదీనుండి అనేకుల విషయమున పూర్తిగా తొలగింపబడెను. మన ప్రాంతములనుండి వెళ్లి ఆ దేశపు సైన్యమున పనిచేసిన కుటుంబములవారు కొందరు కలరు గనుక వారికి ఈ సంగతి నేరుగా పనికివచ్చును. తక్కిన చదువరులకు వేరొక విధమున పనికివచ్చును. పరిమితి తొలగినదనగానే ఎంత కోరిన అంత అప్పు పుట్టునని తోచుట సహజము. అక్కడ తొలగినది పూచీకి గల హద్దు. అప్పునకు గల హద్దు వేరు. అది ఎక్కడికిని పోలేదు. ఈ రెంటి భేదమును పరపతి సంఘములు నడుపువారు వివరముగ తెలిసికొనుట మంచిది.

ఈ ఏర్పాటు రెండవ ప్రపంచ సంగ్రామపు చివరి దినములలో పుట్టినది. 1944 జూన్ 22వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్టు సైనికుల పునర్వ్యవస్థాపన చట్టముపై సంతకము చేసెను. యుద్ధము ముగిసి లక్షలకొలది యువకులు ఒక్కమారుగా ఇండ్లకు మరలినచో పనులెక్కడ, కొంపలెక్కడ అను భయము అప్పటి పాలకులను పట్టి పీడించుచుండెను. మొదటి సంగ్రామమున పోరాడినవారు తమకు రావలసిన బోనసు కొరకు 1932లో రాజధానికి వచ్చి గుడిసెలు వేసికొని కూర్చుండగా, సైన్యమును పంపి వారిని తరిమివేసిన సంగతి ఎవరును మరువలేదు. కాబట్టి ఈమారు ముందుగానే చదువునకు ధనసహాయము, పని దొరకువరకు భృతి, ఇంటి అప్పునకు పూచీ ఏర్పరచిరి.

మన చదువరులు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ చట్టము ఇంటితో ఆగలేదు. సేద్యపు భూమి కొనుటకును, పశువులను పనిముట్లను సంపాదించుటకును, చిన్న వ్యాపారము పెట్టుకొనుటకును చేయు అప్పులకు గూడ పూచీ యిచ్చెను. సేద్యమునకును వ్యాపారమునకును సంబంధించిన భాగము 1974లో ఎత్తివేయబడినది. నేడు ఈ పూచీతో పొలము నడుమ నున్న ఇల్లు కొనవచ్చును గాని అందు సైనికుడు తానే నివసింపవలెను. కేవలము సాగు కొరకు భూమి కొనుటకు వీలులేదు. ఇది సరియైన మార్పని మాకు తోచదు. మంచి భూమి తన అప్పును తాను తీర్చుకొనగలదు. ఇల్లు ఎంత మంచిదైనను తీర్చలేదు. దాని అప్పు బయటి సంపాదనతో తీరవలసినదే.

మొదట ప్రభుత్వము అప్పులో సగమునకు, 2,000 డాలర్లకు మించకుండ, పూచీపడెను. వడ్డీ నూటికి 4 దాటరాదు. ఇల్లు 'సముచితమైన సాధారణ విలువ'కు మించిన ధరకు కొనరాదు. యుద్ధకాలమున ఇండ్ల నిర్మాణము నిలిచిపోయి ధరలు మండిపోవుచుండగా సాధారణ విలువకు ఇల్లమ్మువాడెవడు? కాబట్టి 1945 డిసెంబరులో చట్టమును సవరించినపుడు ఇండ్లకు పూచీని 4,000 డాలర్లు చేసి, పై నిబంధనలోనుండి 'సాధారణ' అను ఒక్క మాటను తీసివేసిరి. అప్పటినుండి సముచితమైన విలువ చాలును. అనగా ఆ దినమున అంగడిలో న్యాయముగా పలుకు ధర. ఒక మాట పోవుటతో రేపటి సంగతి ఆలోచించు బాధ్యత విలువకట్టువానిమీదనుండి తొలగి కొనువానిమీద పడినది. ఈ చట్టము చరిత్రలో తరువాత జరిగిన మార్పులన్నింటి పోకడయు ఇందే కనబడుచున్నది.

ఆ మీదట పరిమితి పెరుగుచునే వచ్చెను. 1950లో అప్పులో నూటికి 60 వంతులు, 7,500 డాలర్ల వరకు. 1968లో 12,500. 1974లో 17,500. 1988లో 36,000. 2001లో 60,000. ధరలు ముందు నడచుట, చట్టసభ వెనుకనుండి పరుగెత్తుకొని వచ్చుట, ఇదే వరుస. ఈ పరుగు మానుటకై 2004లో వేరొక పద్ధతి తెచ్చిరి. గృహఋణములను బ్యాంకులనుండి కొను ఫ్రెడ్డీ మాక్ అను సంస్థకు ఏటేట నిర్ణయమగు గరిష్ఠ ఋణపరిమితి యొకటి కలదు. అందు నాలుగవ వంతు సైనికుని పూచీకి హద్దు అని కట్టివేసిరి. ఇండ్ల ధరలతోపాటు అదియు తనంతట తాను పెరుగును. 2008 తరువాత అది కౌంటీ కౌంటీకి, అనగా మన జిల్లాలవంటి విభాగములనుబట్టి, మారసాగెను. 2019లో చాల కౌంటీలకు మూలపరిమితి 4,84,350 డాలర్లు. 1988 నాటి 36,000 అంకె మాత్రము మూల హక్కు పేర నేటికిని సైనికుని అర్హతాపత్రముపై అచ్చుపడుచున్నది. దానిని చూచి తమకు 36,000 డాలర్ల అప్పే దొరకునని భయపడువారు అక్కడ గూడ కలరు.

పూచీ ప్రభుత్వముదైనను పైకము బ్యాంకుది. ఎవనికి ఇయ్యవలెనో నిర్ణయించునది బ్యాంకే. ఈ ఒక్క కారణముచేత ఈ చట్టమునకు పెద్ద మచ్చ వచ్చినది. 1947లో మిసిసిపీ రాష్ట్రపు నగరములలో లెక్కింపగా, ప్రభుత్వము పూచీపడిన 3,200కు పైబడిన ఋణములలో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు మాత్రమే. న్యూయార్కు దగ్గర లెవిట్టౌను అను కొత్త ఊరిలో 1949లో 7,990 డాలర్లకు ఇల్లు అమ్మిరి. మాజీ సైనికుడు ముందుగా ఒక్క డాలరైన చెల్లింపకయే ప్రవేశింపవచ్చును. కాని శ్వేతజాతివారికి తప్ప ఇతరులకు అమ్మరాదన్న కట్టుబాటు ఆ ఊరికి కలదు. ఒకే యుద్ధమున ఒకే జెండా క్రింద పోరాడి వచ్చిన ఇరువురిలో ఒకనికి ఇల్లు దొరికెను. రెండవవాని చేతిలో అర్హతాపత్రము మాత్రము మిగిలెను. చట్టములో అంకె పెరిగినదా తగ్గినదా అని మాత్రమే చూచువారికి ఇట్టివి కనబడవు.

ఇక పరిమితి ఎట్లు పనిచేసెడిదో లెక్కవేసి చూతము. ప్రభుత్వము పెద్ద ఋణములలో నాలుగవ వంతునకు పూచీపడును. సైనికుడు కిస్తీలు కట్టలేక ఇల్లు వేలమునకు వచ్చినచో బ్యాంకునకు కలుగు నష్టములో ఆ నాలుగవ వంతు వరకు ప్రభుత్వము పూరించును. అప్పులో నాలుగవ వంతు భద్రముగ నున్నచో బ్యాంకు ముందు సొమ్ము అడుగదు. 2019లో ఒకడు 6,00,000 డాలర్ల ఇల్లు కొనదలచెననుకొందము. మూలపరిమితిగల కౌంటీలో ప్రభుత్వపు పూచీ 4,84,350లో నాలుగవ వంతు, అనగా 1,21,087 డాలర్ల 50 సెంట్లకు మించదు. మిగిలిన 1,15,650కి పూచీ లేదు. దానిలో నాలుగవ వంతును, అనగా 28,912 డాలర్ల 50 సెంట్లను, కొనువాడే చేతినుండి తెచ్చి ముందుగా కట్టవలెను. 2020 జనవరినుండి ఇదే మనుష్యుడు, ఇదే ఇంటికి, ముందుగా ఏమియు కట్టనక్కరలేదు. పూచీ అప్పు మొత్తములో నాలుగవ వంతైన 1,50,000 డాలర్లకు పెరిగినది.

చూడగా ఇది 28,912 డాలర్ల లాభమువలె కనబడును. ఆ సొమ్ము ఎవరును వానికి ఇయ్యలేదు. అది అప్పులో చేరినది. ముప్పది యేండ్లు దానికి వడ్డీ కట్టవలెను.

ఈ మార్పు తెచ్చిన చట్టము పుట్టుక గూడ చెప్పదగినది. దాని పేరునకును గృహఋణములకును ఏ సంబంధమును కనబడదు. అది వియత్నాము యుద్ధమున తీరమునకు దూరముగ ఓడలలో పనిచేసిన నావికుల చట్టము. 1962 మొదలు 1971 వరకు అమెరికా విమానములు వియత్నాము అడవులపైనను పంటచేలపైనను ఆకులు రాల్చు మందును చల్లెను. ఏజెంట్ ఆరెంజ్ అని దానికి పేరు. అందలి రెండు మందులలో ఒకటి 2,4-డి. అది మన పొలములలో నేటికిని కలుపు మందుగా వాడుకలో నున్నదే. డయాక్సిను అను ఘోరవిషము కలిసినది రెండవదైన 2,4,5-టి తోడ. నేలమీద పనిచేసిన సైనికులకు ఆ మందువలన వచ్చినట్లు భావింపదగిన రోగములకు ప్రభుత్వము భృతి యిచ్చుచుండెను. ఓడలలోని వారికి మాత్రము మీరు నేలపై అడుగుపెట్టలేదు గదా అని నిరాకరించుచుండెను. 2019 జనవరిలో ఒక ఉన్నత న్యాయస్థానము తీరజలములును వియత్నాములోనివే యని తీర్పుచెప్పెను. పిమ్మట ఆ తీరజలములలో పనిచేసిన వారందరిని చేర్చుకొనుచు చేసిన శాసనము ప్రతినిధుల సభలో 410 ఓట్లతో, ఒక్కటియు వ్యతిరేకములేక, నెగ్గి 2019 జూన్ 25న అధ్యక్షుని సంతకము పొందెను.

నావికులకు భృతి యియ్యవలెనన్న ధనము కావలెను. ఆ ధనమునకు మార్గము చూపునపుడే గృహఋణములు ఈ చట్టములోనికి వచ్చెను. ప్రభుత్వము పూచీపడినందులకు ఋణగ్రస్తునియొద్ద ఒక్కమారు రుసుము పుచ్చుకొనును. మన సంఘములలో ఋణమిచ్చునపుడు వాటాధనము మినహాయించుకొనుట చదువరులకు తెలిసినదే. ఇదియు చూపునకట్లే యుండును గాని, వాటాధనము సభ్యునిదిగానే నిలుచును. ఈ రుసుము మరలి రాదు. ముందు సొమ్ము లేకుండ మొదటిమారు ఋణము తీసికొనువానికి రుసుము నూటికి 2.15 ఉండెను. దానిని 2020నుండి 2.30 చేసిరి. రెండవమారు తీసికొనువానికి 3.30నుండి 3.60 చేసిరి. మనము పైన చెప్పుకొన్న 6,00,000 డాలర్ల ఇంటికి ఇది 13,800 డాలర్లు. చాలమంది దీనిని గూడ అప్పులోనే కలుపుకొందురు. 2023 ఏప్రిల్ 7వ తేదీనుండి రుసుము మరల 2.15కును 3.30కును దిగినది, ఆ లెక్కన అదే ఇంటికి 12,900 డాలర్లు.

రోగగ్రస్తులైన వృద్ధ నావికులకు న్యాయము చేయుట మంచిపనియే. అందులకు యావద్దేశపు ఖజానానుండి గాక, ఇల్లు కొను తోటి సైనికుల సంచినుండి సొమ్ము తీయుట ఎంతవరకు ధర్మమో చదువరులే ఆలోచింపవలెను. ఒక సభ్యుని కష్టము తీర్చుటకు ఇతర సభ్యులమీద చందా వేయుట సహకారమనవచ్చును. కాని అట్టి చందాకు ముందు వారిని అడుగుట మన సంఘముల ఆచారము. ఒక్క సంగతి మాత్రము మెచ్చుకొనవలెను. సేవవలన కలిగిన వైకల్యమునకు భృతి పొందువారికి ఈ రుసుము లేదు. యుద్ధమున గాయపడి పర్పుల్ హార్ట్ పతకము పొంది ఇంకను కొలువులో నున్నవారికి గూడ 2020నుండి మినహాయింపు కలిగినది. రుసుము కట్టిన తరువాత వైకల్యభృతి మంజూరై, అది ఋణము తీసికొనిన తేదీకి ముందునుండియే వర్తించినచో, కట్టిన సొమ్ము తిరిగి పొందవచ్చును. ఈ చివరి విషయము తెలియక అడుగక ఊరకుండువారు నష్టపోవుదురు.

పరిమితి అందరికిని తొలగలేదని మొదటనే సూచించితిమి. పూర్తి హక్కు మిగిలియున్నవారికే తొలగినది. అనగా పూచీని ఎన్నడును వాడుకొననివారు, లేక వాడుకొని ఆ ఇల్లు అమ్మి అప్పు తీర్చి హక్కును మరల పొందినవారు. పాత పూచీ ఇంకను ఒక ఇంటిమీద నిలిచియుండగా రెండవ ఇంటికి వచ్చువానికి కౌంటీ పరిమితి యథాప్రకారము వర్తించును. ఎట్లనగా, ఒకనికి 2,00,000 డాలర్ల పాత ఋణము నడచుచున్నది. దానిపై 50,000 పూచీ చిక్కుకొనియున్నది. 2025లో మూలపరిమితి 8,06,500. అందు నాలుగవ వంతు 2,01,625. చిక్కుకొన్న 50,000 తీసివేయగా మిగిలినది 1,51,625. దానికి నాలుగింతలు, అనగా 6,06,500 డాలర్ల వరకు వానికి ముందు సొమ్ములేని ఋణము దొరకవచ్చును. అంతకు మించిన ఇంటికి మించిన దానిలో నాలుగవ వంతు చేతినుండి పెట్టవలెను.

ఇందొక చిక్కు కలదు. సైనికుని ఋణమును మరియొకడు తనపై వేసికొని ఆ ఇల్లు కొనుటకు అక్కడ వీలున్నది. వడ్డీరేట్లు పెరిగిన కాలమున, పాత తక్కువ వడ్డీ ఋణముతోగూడిన ఇంటికి గిరాకి యుండును. కాని కొనువాడు తానును అర్హుడైన సైనికుడై, తన హక్కును బదులుపెట్టిననే గాని, అమ్మినవాని హక్కు ఆ ఇంటితోనే బందీయై యుండును. ఇల్లు పోయినను పూచీ పోలేదన్నమాట. ఊరు విడిచిపోయిన బంధువునకు ఇరువది యేండ్ల క్రిందట జామీనుపడి, నేటికిని నోటీసులందుకొనువారు మన గ్రామములలో లేకపోలేదు గనుక ఇది మనకు వింత కాదు.

ఇక అప్పునకు నిజమైన హద్దు ఏది? మొదటిది ఇంటి విలువ. మాజీ సైనికుల శాఖ ఏర్పరచిన జాబితాలోని విలువకట్టువాడు వచ్చి చూచి సముచిత విలువను వ్రాసి యిచ్చును. ఋణము, రుసుము వినా, ఆ విలువకు మించరాదు. అమ్మువాడు అంతకెక్కువ అడిగినచో, కొనువాడు తన బయానా పోగొట్టుకొనకుండ బేరమునుండి తప్పుకొనవచ్చునని ఒప్పందపత్రములో తప్పక వ్రాయవలెను. మనవైపు బయానా యిచ్చి బేరము చెడినవారి అవస్థ ఎరిగినవారికి ఈ నిబంధన విలువ తెలియును.

రెండవ హద్దు మిక్కిలి మెచ్చదగినది. దానిని మిగులు ఆదాయపు లెక్క యందురు. సైనికుని నెల సంపాదనలోనుండి పన్నులు, ఇంటి కిస్తీ, ఇంటి పన్ను, భీమా, ఇతర అప్పుల కిస్తీలు, పిల్లల సంరక్షణ ఖర్చు తీసివేయుదురు. ఇంటి దీపము, నీరు, మరమ్మతుల క్రింద చదరపు అడుగునకు నెలకు 14 సెంట్లు, అనగా 2,000 చదరపు అడుగుల ఇంటికి 280 డాలర్లు, తీసివేయుదురు. తీసివేయగా మిగిలినదే తిండికి, బట్టకు, మందులకు, ప్రయాణములకు. అది ఇంతకు తగ్గరాదని కుటుంబపు సంఖ్యనుబట్టియు ప్రాంతమునుబట్టియు ఒక పట్టిక కలదు. 80,000 డాలర్లు, అంతకు మించిన ఋణములకు నలుగురుగల కుటుంబమునకు దక్షిణ ప్రాంతమున 1,003 డాలర్లు, పశ్చిమ ప్రాంతమున 1,117 డాలర్లు మిగులవలెను. అప్పుల కిస్తీలన్నియు కలిసి ఆదాయములో నూటికి 41 వంతులను దాటినచో, మిగులు పట్టికలోని దానికంటె నూటికి 20 వంతులు అధికముగ నుండవలెను, లేక బ్యాంకు తగిన కారణములు వ్రాసి చూపవలెను.

ఇతర ఋణములిచ్చువారు సాధారణముగ ఆదాయములో అప్పు ఎన్నవ వంతు అని చూతురు. ఇక్కడ అప్పు పోగా ఇంటిల్లిపాదికి కూడెంత అని చూచుచున్నారు. ఈ రెండును ఒకటి కావు. వందలో నలుబది వంతులు కిస్తీకి పోయినను పెద్ద జీతగాడు సుఖముగ నుండును. చిన్న జీతగాడు ముప్పది వంతులకే పస్తుండును. రైతుకు ఋణమిచ్చునపుడు పంట విలువలో వంతు చూచుటతో ఆగక, గింజలు ఇంటికి వచ్చి, కూలి, కౌలు, కిస్తీ పోయిన వెనుక కుటుంబమునకు మిగులు బస్తాలెన్ని అని మన సంఘములును ఒక పట్టిక వ్రాసికొనిన బాగుండునని మా తలంపు. మన దేశమున వ్యవసాయ ఋణములకు తనఖాగాని పూచీగాని అడుగరాని హద్దును రిజర్వు బ్యాంకు 2019లో 1 లక్షనుండి 1 లక్ష 60 వేలకును, 2025 జనవరి 1 నుండి 2 లక్షలకును పెంచినది. ఇక్కడను పెరిగినది పూచీ లేకుండ ఇయ్యదగిన హద్దే. ఎకరమునకు పంటవారీగా నిర్ణయించు ఋణపరిమాణము వేరు, సభ్యుని తీర్చుశక్తి వేరు. 2 లక్షలు తనకు రావలసిన సొమ్మని భావించి సంఘమునకు వచ్చు సభ్యునితో కార్యదర్శి ఈ మాట ఓపికతో చెప్పవలసియుండును.

మూడవ హద్దు వడ్డీ. ఇది ఏ చట్టములోను వ్రాసియుండదు. ముప్పది యేండ్ల గృహఋణములపై సగటు వడ్డీ ఆ దేశమున 2021 జనవరిలో నూటికి 2.65 వరకు దిగినది. 2023 అక్టోబరులో 7.79కి ఎక్కినది. మనము తీసికొన్న 6,00,000 డాలర్లకే లెక్కవేసినచో, నెల కిస్తీ మొదటి వడ్డీకి సుమారు 2,418 డాలర్లు, రెండవ వడ్డీకి సుమారు 4,315 డాలర్లు. ఇంటి పన్ను, భీమా దీనికి అదనము. పరిమితి రెండు కాలములలోను లేదు. 2021లో మిగులు ఆదాయపు లెక్కలో నెగ్గిన కుటుంబము అదే జీతముతో అదే ఇంటికి 2023లో నెగ్గలేకపోవచ్చును. చట్టము తీసివేసిన తలుపును వడ్డీ మరల బిగించినదన్నమాట.

కిస్తీలు తప్పినవారి గతి యేమి? పూచీ ప్రభుత్వముదని ఇల్లు నిలుచునని భ్రమపడరాదు. పూచీ బ్యాంకు నష్టమును పూరించును, ఇంటిని కాపాడదు. ఇల్లు వేలమై ప్రభుత్వము బ్యాంకునకు సొమ్ము చెల్లించినచో, ఆ మేరకు సైనికుని హక్కు తరిగిపోవును. ఆ నష్టము తీర్చువరకు అది మరల రాదు. కరోనా కాలమున కిస్తీలు నిలిపివేసికొనిన పలువురికి, గడువు తీరిన వెనుక బాకీపడిన కిస్తీలన్నియు ఒక్కమారు కట్టవలసిన దుస్థితి ఏర్పడెను. 2023 నవంబరులో వేలములు ఆపవలసినదిగా శాఖవారు ఋణసంస్థలను కోరిరి. 2024 మే నెలాఖరున, ఇట్టి ఋణములను ప్రభుత్వమే కొని నూటికి 2.5 వడ్డీకి మార్చు పథకమొకటి ఆరంభమై, 2025 మే 1వ తేదీతో నిలిచిపోయినది. 2025 జూలై 30న వచ్చిన కొత్త చట్టమువలన వేరొక మార్గము ఏర్పడినది. బాకీపడిన కిస్తీలను శాఖవారు బ్యాంకునకు చెల్లించి, ఆ మొత్తమును ఇంటిపై రెండవ తనఖాగా ఉంచుకొందురు. ఇల్లు అమ్మినపుడో, మొదటి ఋణము తీరినపుడో అది వసూలగును. అంతవరకు పాత వడ్డీయే నడచును గనుక తక్కువ వడ్డీకి ఋణము తెచ్చుకొన్నవారికి ఇది పెద్ద ఆదరువు.

ఆ దేశమున బంధువులుగల సభ్యులకు మరి రెండు మాటలు. అర్హతాపత్రము పొందుటకు మాజీ సైనికుల శాఖవారు రుసుమేమియు తీసికొనరు. దానిని తెప్పించి పెట్టుదుమని సొమ్మడుగువారిని నమ్మరాదు. సేవలో నుండగనో, సేవవలన కలిగిన రోగముచేతనో మరణించిన సైనికుని భార్య, లేక భర్త, పునర్వివాహము చేసికొననిచో ఈ పూచీకి తామే అర్హులు. 57 ఏండ్లు నిండిన పిమ్మట వివాహమాడినవారికి గూడ తగిన నియమములకు లోబడి ఆ అర్హత నిలుచును. వారికి పైన చెప్పిన రుసుము లేదు.